ఒళ్లో ఇమిడే గిటారు

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు దాదాపు లేరు. చెక్క మీద పెన్సిలుతో గీత గీస్తే అది ఉందో లేదో కళ్లజోడు పెట్టుకుని వెతుక్కోవాలి. అందుకని, ఫర్నిచర్ దుకాణంలో పనిచేసే రోజుల్లో తోటివాళ్లు సన్నగీత అని పేరు పెట్టారు. దుకాణం మానేసి ఇంటి వెనక రేకుల షెడ్డులో గిటార్లు చేయడం మొదలుపెట్టాక కూడా ఆ పేరు వదల్లేదు. ఎవరైనా గుమ్మంలోకి వచ్చి "సన్నగీత ఉన్నాడా?" అని అడిగితే, "మనిషి ఉన్నాడు, గీత సంగతి నాకు తెలీదు" అనేది భార్య.

ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని కర్టెన్లు, దిండు గలీబులు కుట్టేది. ముందు మిషను, వెనక చిత్రిక, మధ్యలో వంటగది. పొద్దంతా ఒకరికొకరు కనపడకపోయినా చప్పుళ్లను బట్టి ఎవరేం చేస్తున్నారో తెలిసిపోయేది. చిత్రిక ఆగి చాలాసేపైతే ఆవిడ టీ పెట్టేది. మిషను ఆగితే దారం చిక్కుపడిందని అతను వచ్చి విప్పేవాడు, ఎందుకంటే ఆవిడకి చిక్కు కనపడగానే కత్తెర గుర్తొస్తుంది. పిల్లలు లేరు. మొదట్లో దాని గురించి మాట్లాడుకుని ఏడ్చేవాళ్లు, తర్వాత మాట్లాడుకోవడం మానేశారు.

అతని తమ్ముడు కూడా గిటార్లు చేసేవాడే. అన్న దగ్గరే పని నేర్చుకుని, ఊరి చివర యంత్రాలు పెట్టి సొంత కార్ఖానా తెరిచాడు. అన్న ఒక గిటారుకి మెడ అతికించేలోపు అక్కడ బండెడు తయారై వెళ్లిపోయేవి. ఒకసారి బంధువుల ఇంట్లో, భోజనాల దగ్గర, నలుగురి ముందు సన్నగీత నోరు జారాడు. "మావాడు చేసేవి గిటార్లు కావు, తీగలు కట్టిన డబ్బాలు" అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. నవ్వి, చెయ్యి కడుక్కుని, భార్యను వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి రాకపోకలు లేవు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం సిటీ బస్సు నడిపే ఆవిడ ఒకరు పెద్ద గిటారు పెట్టె ఎడమచేత్తో మోసుకుంటూ షెడ్డులోకి వచ్చింది. వయసులో అతని కంటే పెద్దది. బస్సులో జనం మీద అరిచి అరిచి గొంతు కాస్త బొంగురుపోయింది.

"దీన్ని చిన్నది చేయగలవా తమ్ముడూ?" అంది పెట్టె బల్ల మీద పెడుతూ.

"ఉన్నదాన్ని చిన్నది చేయడం అవదక్కా. కొత్తది చేయాలి. ఎందుకు, దీనికేమైంది?"

"దీనికేం కాలేదు. నాకే అయింది."

ఆవిడ కుడిచెయ్యి పైకెత్తి చూపించింది. అది భుజం దాకా కూడా రాకుండా ఆగిపోయింది. స్టీరింగు తిప్పి తిప్పి భుజం అరిగిపోయిందట. డ్యూటీ ఎలాగో నెట్టుకొస్తోంది కానీ ఇంటికెళ్లి గిటారు పట్టుకుంటే దాని పొట్ట మీదుగా చెయ్యి వెయ్యలేకపోతోంది. మొగుడు పోయినప్పట్నుంచి సాయంత్రాలు దాంతోనే గడుస్తున్నాయి. "ఇది నా కంటే లావుగా ఉంది. నాకు ఒళ్లో ఇమిడేది కావాలి" అంది.

సన్నగీత అంతవరకూ చేసినవన్నీ పెద్దవే. పెద్ద గిటారులో గాలి ఎక్కువ, పొరపాటు జరిగినా ఆ గాలే కప్పిపుచ్చుతుంది. నడుము సన్నగా, పొట్ట పలచగా ఉండే చిన్న గిటారు అలా కాదు. పైచెక్క కాస్త మందమైతే గొంతు మూసుకుపోతుంది, కాస్త పలచనైతే తీగల బిగువుకి ఉబ్బిపోతుంది. లోపల అతికించే బద్దల్ని చకచకా చెక్కేయడానికి వీల్లేదు, వెన్న గీకినట్టు గీకాలి. అలాంటిది చేయాలని అతనికి ఎప్పట్నుంచో కోరిక. అటక మీద ఏళ్ల తరబడి ఆరబెట్టుకున్న రోజ్‌వుడ్ పలకలు ఉన్నాయి, నల్లటి చారలవి. ఎవరడిగినా లేవని చెప్పి దాచుకున్నాడు. ఆవిడ అటు వెళ్లగానే నిచ్చెన వేసి వాటిని దింపాడు.

రోజ్‌వుడ్ అతనికి కొత్త కాదు. కానీ ఈసారి వెనకచెక్క చిత్రిక పట్టిన రోజు ముంజేతులు దద్దురెక్కాయి. రెండోసారి పట్టినప్పుడు కనురెప్పలు ఉబ్బాయి. దాన్ని రేకుతో గీకి పలచన చేస్తుంటే ఎర్రటి పొడి లేచి, గొంతులో ఎవరో దూది కుక్కినట్టయింది. దగ్గు మొదలైంది. చలిగాలి పడలేదనుకున్నాడు. జిగురు వాసన అనుకున్నాడు. పైచెక్క పని చేసిన రోజుల్లో, అంటే తెల్లటి స్ప్రూస్ చెక్క పట్టుకున్నప్పుడు, హాయిగా ఊపిరాడేది. మళ్లీ రోజ్‌వుడ్ ముట్టుకున్న రోజు సాయంత్రానికల్లా ఛాతీలో పిల్లికూతలు. అతను తెలివితక్కువవాడేం కాదు. విషయం అర్థమైంది. అర్థమైనదాన్ని మనసులో ఒక మూలకి తోసేసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని పని సాగించాడు.

భార్య ఊరుకోలేదు. "ఏవండీ, ఆ దగ్గేంటి? డాక్టరుకి చూపించుకోండి."

"తగ్గిపోతుందిలే."

"నిన్నా అదే అన్నారు. అసలు దేనివల్ల వస్తోందది?"

డాక్టరు దగ్గరికి వెళితే ఏమంటాడో అతనికి తెలుసు. పని ఆపమంటాడు. సగంలో ఉన్న గిటారు కళ్ల ముందు మెదిలింది. నోటికి ఏదొస్తే అది అనేశాడు.

"దేనివల్ల ఏంటి? ఇల్లంతా నీ గుడ్డల నూగే. కంచంలో నూగు, మంచంలో నూగు. దగ్గు రాక ఏమొస్తుంది?"

ఆవిడ మిషను మీద సగం కుట్టిన కర్టెను వైపు చూసింది. తర్వాత లేచి చీపురు తెచ్చి గది మూలమూలలా ఊడ్చింది. మర్నాడు తడిగుడ్డతో గోడలు తుడిచింది. అయినా దగ్గు తగ్గకపోయేసరికి, వారం తిరక్కుండానే రెండు వీధుల అవతల ఉన్న చెల్లెలి ఇంటికి ఆటోలో మిషను ఎక్కించుకుని వెళ్లిపోయింది. "పగలు అక్కడే కుట్టుకుంటా. మీకు తగ్గితే అంతే చాలు" అంది. మిషను ఎత్తడానికి అతనే ఒక చెయ్యి వేశాడు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. వీధిలో ఆటోవాడు తొందరపెడుతున్నాడని తనకి తాను సర్దిచెప్పుకుని చెప్పలేదు.

ఆ తర్వాత ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. టీ ఎవరూ పెట్టేవాళ్లు కాదు. ఆవిడ సాయంత్రం వస్తూనే ముందు అతని మొహం చూసేది. "కాస్త నయమేనా?" అనేది. "నయమే" అనేవాడు. అలా అనేటప్పుడు ఊపిరి బిగబట్టుకునేవాడు, పిల్లికూతలు వినపడకుండా.

పక్కచెక్కలు వంచాల్సిన రోజు రానే వచ్చింది. ఇనుప గొట్టాన్ని లోపల్నుంచి వేడిచేసి, తడిపిన చెక్కను దాని మీద ఆనించి, అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ నడుము వంపు తెప్పించాలి. చిన్న గిటారు కాబట్టి వంపు మరీ లోతు. ఒక పక్క బాగానే వచ్చింది. రెండోదాన్ని గొట్టం మీద పెట్టగానే ఆవిరి మొహాన కొట్టింది. ఆ వాసన అతనికి ప్రాణం. చాలాసార్లు కావాలని దగ్గరికి వంగి పీల్చేవాడు. ఈసారి పీల్చిన గాలి లోపలికి వెళ్లింది గానీ బయటికి రాలేదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. చెక్క వంపు తిరుగుతోంది, ఇప్పుడు వదిలితే పుటుక్కున విరుగుతుంది. వదల్లేదు. కళ్లు బైర్లు కమ్ముతున్నా పళ్లబిగువున దాన్ని అచ్చులో కూర్చోబెట్టి, క్లాంపు బిగించి, అప్పుడు కిందికి జారాడు. "ఏమేవ్" అని పిలవబోయాడు. గొంతు రాలేదు. వచ్చినా లాభం లేదని, ఇంట్లో ఎవరూ లేరని, గోడకి ఒరిగాక గుర్తొచ్చింది.

బస్సావిడ ఆ వేళకి రావడం అతని అదృష్టం. డ్యూటీ దిగే ముందు ఖాళీ బండిని డిపోకి తీసుకెళుతూ, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వీధి మొదట్లో ఆపి దిగిందట. షెడ్డులోకి తొంగిచూస్తే పెదాలు నీలంగా, మనిషి గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఆవిడ అరవలేదు, గాభరా పడలేదు. బాగున్న భుజం మీద అతని చెయ్యి వేసుకుని, వీధంతా ఈడ్చుకుంటూ నడిపించి, బస్సెక్కించి, సీట్లన్నీ ఖాళీగా ఉన్నా మెట్ల దగ్గరే కూలబడ్డ మనిషిని అలాగే కూర్చోబెట్టి, బండిని తిన్నగా ఆసుపత్రి గుమ్మంలోకి పోనిచ్చింది. దారిలో స్టాపుల్లో జనం చేతులెత్తితే, "ఆగదు, ఆగదు" అని కిటికీలోంచి అరుస్తూనే ఉందట. దారి తప్పించి బండి నడిపినందుకు డిపోలో ఆవిడకి సంజాయిషీ అడిగారు. ఆ సంగతి చాలా రోజులు అతనికి తెలియనివ్వలేదు.

ముక్కుకి గొట్టం, మూతికి ఆవిరి మాస్కు పెట్టాక ఊపిరి దారిన పడింది. అప్పటికి భార్య పరుగెత్తుకొచ్చింది, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న అంగుస్తానా అలాగే ఉంది. డాక్టరమ్మ ఏమేం పని చేస్తాడో, ఏ రోజు ఎక్కువవుతుందో, ఏ రోజు తగ్గుతుందో ఓపిగ్గా అడిగింది. అతను నీళ్లు నమలకుండా అన్నీ చెప్పాడు. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"ఆ చెక్కే మీకు పడటం లేదు" అంది డాక్టరమ్మ. "ఇన్నేళ్లూ ఒంట్లోకి వెళుతూ వెళుతూ ఇప్పుడు శత్రువైపోయింది. కొంచెం అయినా ఎక్కువ అయినా ఒకటే. మాస్కు కట్టుకుని చేస్తానంటే ఒప్పుకోను. ఇంకోసారి ఇలా అయితే ఆసుపత్రి దాకా రాలేకపోవచ్చు."

భార్య ఒక్క మాటే అడిగింది. "గుడ్డల నూగు వల్ల కాదా, డాక్టరుగారూ?"

"నూగా? దానికీ దీనికీ సంబంధం లేదమ్మా. ఆ చెక్క ముట్టుకున్న రోజునే వస్తోందని ఆయనే చెప్తున్నారుగా."

డాక్టరమ్మ వెళ్లిపోయాక భార్య మంచం అంచున కూర్చుంది. అంగుస్తానా తీసి అరచేతిలో పెట్టుకుంది.

"మీకు ముందే తెలుసా?"

అతను మాస్కు పక్కకి జరిపాడు. "తెలుసు."

"నేను మిషను ఆటోలో ఎక్కించేటప్పుడు కూడా?"

"ఊఁ."

"చెయ్యి కూడా వేశారు కదూ, ఎత్తడానికి."

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. మాస్కు మళ్లీ మూతి మీద సరిగ్గా పెట్టి, తాడు చెవి వెనక్కి సర్ది, బయటికెళ్లి కూర్చుంది.

ఇంటికొచ్చాక షెడ్డుకి తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది. మిషను తిరిగి ముందుగదిలోకి వచ్చింది. వేళకి మందు, వేళకి భోజనం, అన్నీ జరిగిపోయేవి. మాటలే జరిగేవి కావు. "తిన్నారా", "మందు వేసుకున్నారా", అంతే. దారం చిక్కుపడిన చప్పుడు వినపడి అతను లేచి వచ్చేసరికి, ఆవిడ కత్తెర వేసేసి ఉండేది.

బస్సావిడ పళ్ల సంచితో చూడటానికి వచ్చింది. "వదిలెయ్ తమ్ముడూ. నీ ఊపిరి తీసి నాకు గిటారు చేస్తావా? దాన్ని వాయించుకుంటూ కూర్చోవడానికి నాకేమైనా పిచ్చా?" అంది. భార్య అక్కడే ఉంది. "వదినా, మీరైనా చెప్పండి" అంది.

అతనికి మాత్రం నిద్రలోనూ మెలకువలోనూ అదే ధ్యాస. అచ్చులో బిగించిన పక్కచెక్కలు ఆరిపోయి ఎదురుచూస్తున్నాయి. వేరే చెక్కతో మొదలుపెట్టొచ్చు, నిజమే. కానీ ఆ రోజ్‌వుడ్ కోసం పెళ్లాం దగ్గర అబద్ధమాడాడు, ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఇంత చేసి దాన్ని చెత్తలో పారేస్తే చేసిన తప్పుకి అర్థం కూడా లేకుండా పోతుందని అనిపించింది. ఈ మాట ఎవరితోనైనా అంటే చెంప పగలగొడతారని కూడా తెలుసు.

ఆ చుట్టుపక్కల రోజ్‌వుడ్ పని తెలిసినవాడు ఇంకొక్కడే ఉన్నాడు. చాలా రోజులు ముందుకీ వెనక్కీ ఊగి, ఒక ఉదయం తమ్ముడి కార్ఖానాకి వెళ్లాడు. లోపలికి అడుగు పెట్టలేదు. యంత్రాల పొడికి భయపడి రోడ్డు మీదే, గేటు బయట నిలబడ్డాడు. తమ్ముడు చేతులు దులుపుకుంటూ వచ్చాడు. జుట్టు నెరిసిపోయింది.

"లోపలికి రావేం?"

"రాకూడదట. పొడి పడదు."

"విన్నాను. వదిన ఫోన్ చేసింది." ఆవిడ ఫోన్ చేసిన సంగతి అతనికి తెలియదు. తమ్ముడు గేటుకి ఆనుకున్నాడు. "చెప్పు, ఏం కావాలి?"

"ఒక చిన్న గిటారు సగంలో ఉంది. పైచెక్క నేను చేస్తా, అది నాకు పడుతుంది. వెనకా పక్కలూ నువ్వు అతికించి పెట్టాలి."

"నేనా? నావి డబ్బాలు కదా అన్నయ్యా."

అతను తల దించుకున్నాడు. "అన్నాను. అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

"అందరి ముందూ అన్నావు. ఇప్పుడేమో గేటు దగ్గర, ఎవరూ లేనప్పుడు చెప్తున్నావు." తమ్ముడు లోపల పనిచేసేవాళ్ల వైపు ఒకసారి చూశాడు. తర్వాత విసుగ్గా చెయ్యి ఊపాడు. "సరే. తాళంచెవి వదిన దగ్గర తీసుకుని రేపొచ్చి పట్టుకుపోతా. కానీ నా పద్ధతిలో చేస్తా. నా పక్కన నిలబడి గీతలు గీయడానికి వీల్లేదు."

"నిలబడలేనుగా" అన్నాడు సన్నగీత.

అలా గిటారు రెండు చోట్ల పెరిగింది. ముందుగదిలో, మిషనుకి ఎదురుగా, చిన్న బల్ల మీద అతను పైచెక్కకి బద్దలు అతికించి ఉలితో గీకేవాడు. స్ప్రూస్ సన్నటి తెల్లటి పొరలుగా లేచేది. బొటనవేలి కణుపుతో తట్టి చెవి ఆనించేవాడు, మళ్లీ కాస్త గీకేవాడు. తట్టేటప్పుడు భార్య మిషను ఆపేది. ఏమీ అనకుండానే ఆపేది, అతను తల ఎత్తగానే మళ్లీ తొక్కేది. అంతకు మించి ఇద్దరి మధ్యా సంధి జరగలేదు. ఊరి చివర తమ్ముడు మిగతా పని చేస్తుంటే ఇతను ఫోన్ చేసి, "వెనకచెక్క అంచుల దగ్గర ఇంకాస్త పలచన చెయ్యరా" అనేవాడు. "చేస్తాలే" అని అటునుంచి ఫోన్ పెట్టేసేవాడు.

పైచెక్క కూడా తమ్ముడి దగ్గరికే వెళ్లి, పెట్టె మూతపడి, మెరుగు నూనె పట్టి, పొడి అంటూ లేకుండా తుడిచి తిరిగి వచ్చింది. ముద్దుగా ఉంది. అతుకులు శుభ్రంగా ఉన్నాయి. సన్నగీత దాన్ని ఒళ్లో పెట్టుకుని వెనక వైపు కణుపుతో తట్టాడు. ఇంకోసారి తట్టాడు. వెనకచెక్క మందంగా ఉంది. పెద్ద తేడా కాదు, చిత్రిక రెండు మూడు పట్లు. తను చేసి ఉంటే ఆ రెండు మూడు పట్లూ పట్టి ఉండేవాడు. తమ్ముడు ఎదురుగా నిలబడి అతని మొహంలోకే చూస్తున్నాడు.

"ఎలా ఉంది?"

మందంగా ఉందన్న మాట అతని నోటి దాకా వచ్చింది. ఇప్పుడైనా బయటి నుంచి గీకొచ్చు, చేయమంటే చేస్తాడేమో కూడా. ఇంతలో భోజనాల దగ్గర చెయ్యి కడుక్కుని లేచిపోయిన మనిషి గుర్తొచ్చాడు.

"బాగుందిరా" అన్నాడు.

తమ్ముడి మొహం తేటపడింది. కుర్చీ లాక్కుని కూర్చుని, వదిన ఇచ్చిన టీ తాగి, చాలాసేపు కార్ఖానా కబుర్లు చెప్పాడు.

మెడ అమర్చి తీగలు కట్టాక బస్సావిడ వచ్చింది. కుర్చీలో కూర్చుని గిటారుని ఒళ్లోకి తీసుకుని, కుడిచెయ్యి దాని మీదుగా వేసింది. భుజం ఎత్తాల్సిన పనే పడలేదు. కాసేపు ఏదో పాత బాణీ వాయించింది, మధ్యలో తప్పులు దొర్లితే తనే నవ్వుకుంది. నాదం తియ్యగా, దగ్గరగా ఉంది, ఆ గదికి సరిపోయేంత. కానీ వేలు తీయగానే కాస్త ముందే ఆరిపోతోంది. ఇంకా సాగాలి. ఎక్కడిదాకా సాగాలో సన్నగీతకి తెలుసు, సాగని ఆ కాస్తా తప్ప అతనికి ఇంకేమీ వినపడలేదు. ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే అతను కూడా తల ఊపాడు.

షెడ్డులో మిగిలిన నల్లచారల చెక్కనంతా తమ్ముడు వ్యాన్లో తీసుకెళ్లిపోయాడు. పైచెక్కలు మాత్రం తెచ్చి అన్న బల్ల మీద పెట్టి, "వీటికి బద్దలు నువ్వు గీకి పెట్టు, నా దగ్గర ఇంత ఓపిక ఉన్నవాళ్లు లేరు" అన్నాడు. అప్పట్నుంచి సన్నగీత పని అదే. మొత్తం గిటారు మళ్లీ అతని చేతిలో తయారవలేదు.

ఇది జరిగిన కొన్నాళ్లకి ఒక ఉదయం భార్య మిషను మీద దుప్పటి కప్పి, వీధిలో ఆటో ఆపింది.

"మళ్లీ ఎక్కడికి?" అన్నాడు అతను.

"చెల్లెలింటికి. పగలు అక్కడే కుట్టుకుంటా."

"ఇప్పుడెందుకు? నాకు బాగానే ఉందిగా."

"నాకు అక్కడ బాగుంటోంది" అంది ఆవిడ. "అక్కడ కూర్చున్నప్పుడు, మీరు దగ్గితే నా నూగు వల్లేనేమోనని నా మీద నాకు అనుమానం రాదు. సాయంత్రం వచ్చేస్తాగా. అన్నం గిన్నెలో ఉంది, వేడిగా ఉండగానే తినండి."

అతను లేచాడు. మిషను ఎత్తడానికి చెయ్యి వెయ్యాలో వద్దో తెలియక గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆటోవాడు దిగొచ్చాక ఆవిడా వాడూ కలిసి ఎక్కించుకున్నారు. ఆటో మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి, తమ్ముడు పంపిన పైచెక్క తీసి వెలుగుకి ఎదురుగా పట్టుకున్నాడు.